ఎడమ కమ్మలో ఏడో రాయి

నేను ఏదీ మరచిపోనని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. పెళ్లయిన కొత్తలో మా యారాలు, అంటే నా భర్త అన్నగారి భార్య, నేను వండిన పప్పు నోట్లో పెట్టుకుని పదిమంది ముందు ఏమన్నదో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పదిమందిలో ఎవరు నవ్వారో, ఎవరు తల వంచుకున్నారో కూడా చెప్పగలను. ఇరవై రెండేళ్లుగా నా భర్త మరచిపొమ్మంటున్నాడు. ఆయన మరచిపోతాడు, అది ఆయన సుఖం. కానీ ఇప్పుడు రాస్తున్నది పప్పు గురించి కాదు. పోయిన చలికాలం మా ఇంటివాళ్లు నన్ను దొంగగా చూశారు. పదకొండు రోజులు చూశారు. ఆ మాట ఎవరూ నోటితో అనలేదు. అన్నా బాగుండేది, జవాబు చెప్పుకునేదాన్ని.

మాది తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన నేతవాళ్ల కుటుంబం. మామ బతికున్నప్పుడు అందరిదీ పవర్‌లూమ్ పనే. బావ, అంటే నా భర్త అన్న, సలాబత్‌పురాలో చీరల దుకాణం పెట్టి పైకొచ్చాడు. అత్త వాళ్లతోనే ఉంటుంది. నా భర్త ఇంకా లూమ్‌ల మీదే మేస్త్రీ. మేం భేస్తాన్‌లో ఉంటాం. ఆ ఇంట్లో మగ్గం వదిలి వజ్రాల పనికి పోయిన మొదటి మనిషిని నేను. వరాఛాలో ఒక కార్ఖానాలో, సానపట్టిన రాళ్లను రంగును బట్టి, మచ్చను బట్టి వేరుచేసే బల్ల దగ్గర పద్దెనిమిదేళ్లుగా కూర్చుంటున్నాను. తెల్ల కాగితం, పట్టకారు, భూతద్దం, తలమీద ట్యూబ్‌లైటు. ఆవగింజంత రాయి కడుపులో ఉన్న నలుసు నా కంటికి దొరుకుతుంది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ మెచ్చుకోలేదు. పొద్దంతా కూర్చుని చేసే పనే కదా అని అత్త అనేది.

మా కార్ఖానాలో ఒక ముసలి గుజరాతీ కారీగర్, అంటే సానపట్టే పనివాడు, ఉండేవాడు. ఒకప్పుడు లోకంలో వజ్రమంటే మా నేలదేనని, కృష్ణ ఒడ్డున తవ్విన రాళ్లు గోల్కొండ సంతకు వచ్చి, అక్కడినుంచి ఎద్దుల మీద ఈ సూరత్ రేవుకు చేరి, ఓడలెక్కి ఎక్కడెక్కడి రాజుల తలపాగాల్లోకో పోయాయని నాకు మొదట చెప్పింది ఆయనే. అంతటితో ఊరుకోలేదు. తవ్వింది మీవాళ్లు, తొడుక్కున్నది రాజులు, బాగుపడ్డది మేము అని నవ్వాడు. పద్నాలుగేళ్ల కిందటి మాట. అందులో అబద్ధం లేదు కనుక ఏమీ అనలేకపోయాను. అనలేకపోయినవే ఎక్కువ గుర్తుంటాయి.

ఇప్పుడు రాళ్లు ఆఫ్రికా నుంచీ రష్యా నుంచీ ఇక్కడికి వచ్చి, సాన పట్టించుకుని వెళ్లిపోతాయి. ఈ మధ్య అవీ తగ్గాయి. యంత్రంలో పెంచిన వజ్రాలు ఈ ఊళ్లోనే తయారవుతున్నాయి, వాటికీ వీటికీ తేడా ఉత్త కంటికి తెలియదు. మా కార్ఖానాలో సగం సానచక్రాలు ఆగిపోయాయి. ఎవరిని మానిపించాలా అని మేనేజరు సాకు వెతుకుతున్న రోజులవి. వజ్రాల పనిలో మనిషిని మానిపించడానికి రుజువు అక్కర్లేదు. ఆమెకు చేతివాటం ఉందట అని ఒకరు ఒకరితో అంటే చాలు, రేపటినుంచి రావొద్దంటారు. ఆ తరువాత వరాఛాలో ఏ కార్ఖానా గుమ్మమూ ఎక్కనివ్వరు. మిగతాది చదివేవాళ్లు ఈ ఒక్కటీ గుర్తుంచుకోవాలి.

మా అత్తవి ఏడు రాళ్ల రవ్వల కమ్మలు. నడుమ ఒకటి, చుట్టూ ఆరు. రెండు చెవులకూ కలిపి పద్నాలుగు. మామ తాతల కాలంలో ఆ ఇంట్లో నలభై మగ్గాలు ఆడేవట. ఆ సిరిలో మిగిలినవి అవే. ఇల్లు మారినా ఊరు మారినా చెవులనంటుకుని వెంట వచ్చే ఆస్తి కదా. వెనకవైపు బంగారంతో మూసేసిన పాతకాలపు కట్టు, రాయి కింద తళుకు రేకు, దాని కింద లక్క. ఆ కట్టు విప్పకూడదని మావాళ్ల పట్టింపు. రవ్వలు అందరికీ అచ్చిరావు, అచ్చివచ్చినవాటిని కదిలించొద్దు అంటారు. నాలుగేళ్ల కిందట అత్తకు జబ్బు చేసినప్పుడు అందరినీ కూర్చోబెట్టి, ఆ కమ్మలు తీసి యారాలి చేతిలో పెట్టింది. నేను ఎదురుగానే ఉన్నాను. నా మొహం చూసి, "నీకెందుకు బిడ్డా, దినాం రవ్వలల్లనే చేతులు పెట్టి కూసుంటవు" అన్నది. అందరూ నవ్వారు. నా భర్త కూడా.

పోయిన చలికాలం ఒక ఆదివారం మధ్యాహ్నం యారాలు ఆ కమ్మలను కుంకుమ భరిణెలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పనిలేకుండా ఆమె భేస్తాన్ దాకా రాదు. వాళ్ల కూతురికి పాత మోస్తరు నచ్చడం లేదట, ఆ రాళ్లను ఏదైనా కొత్త నగలోకి మార్పించాలట. దుకాణంవాళ్లు మోసం చేయకుండా ముందు నేను చూసి ఎన్ని మంచివో, ఎన్నింట్లో మచ్చలున్నాయో చెప్పాలట. రెండు రోజులు ఉంచుకొమ్మంది.

తప్పు అక్కడ జరిగింది. మా పనిలో ఎవరు రాయి ఇచ్చినా, ఇచ్చిన మనిషి ఎదుటనే లెక్కపెట్టి, భూతద్దంలో చూసి, తూచి, పొట్లం మీద రాసిగానీ తీసుకోం. కన్నతండ్రి ఇచ్చినా అంతే. పద్దెనిమిదేళ్లలో నేను ఒక్కరోజు ఆ పద్ధతి తప్పలేదు. ఆ రోజు తప్పాను. యారాలి ఎదురుగా ఒక్కో రాయినీ పరీక్షిస్తే, మామీద నమ్మకం లేదా అంటుందని, ఆ మాట నలుగురిలో తిరుగుతుందని జంకాను. భరిణె మూత కూడా తీయకుండా బీరువాలో పెట్టాను.

మరునాడు పనికి పోయే ముందు కిటికీ వెలుగులో చూశాను. చేతితో కోసిన పాత రాళ్లు. ఇప్పటివాటిలా మిరుమిట్లు గొలపవు, లోపల ఎక్కడో నీళ్లు కదిలినట్టుంటాయి. బస్సు పోతే పోయిందని అట్లాగే నిలబడి చూశాను. ఎడమ కమ్మలో అడుగున ఉన్న రాయి దగ్గర నా కన్ను ఆగింది. దానిలో నీళ్లు లేవు. మీద ఊదాను. పక్క రాళ్ల మీద ఆవిరి పట్టగానే పోయింది. దానిమీద ఒక క్షణం నిలిచింది. మళ్లీ ఊదాను. మళ్లీ నిలిచింది. వజ్రం మీద ఆవిరి అట్లా నిలవదు.

చెప్పాల్సింది. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, ఇంకొకరు చెప్పనక్కర్లేదు. తనకు ఇవ్వలేదన్న కడుపుమంటతో వంక పెడుతున్నది అంటారని వెనకాడాను. మంగళవారం సాయంత్రం యారాలు వచ్చినప్పుడు, మూసిన కట్టులో సరిగా తెలియదు, దుకాణంలో యంత్రంతో చూపించుకో అక్కా అని ఇచ్చేశాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

గురువారం ఫోన్ వచ్చింది. దుకాణంలో, నిజం రవ్వయితేనే కూసే పెన్నులాంటి యంత్రాన్ని ఒక్కో రాయికీ ముట్టించారట. పదమూడు రాళ్లకు కూసింది, ఒకదానికి కూయలేదు. యారాలి గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది.

"మీ కాడ రెండు దినాలున్నయి గదా చెల్లె. ఇంకెవ్వలన్న ముట్టిండ్రా? ఊకెనే అడుగుతున్న."

ఎవరూ ముట్టలేదన్నాను. ఆ రాయి మీద నాకూ అనుమానం వచ్చిందని కూడా అన్నాను. మరి మొన్న చెప్పకపోతివి అన్నది. ఫోన్ పెట్టేశాక నా అరచేతులు చూసుకున్నాను. ఎందుకు చూసుకున్నానో తెలియదు.

ఆదివారం బావ వచ్చాడు, వెంట అత్త, యారాలు. టీ పెట్టాను. ఎవరూ తాగలేదు. బావ దుకాణంలో గిరాకీతో మాట్లాడినట్టే నెమ్మదిగా మాట్లాడాడు.

"మేమేమంటలేము. రాయి గాలికి పోదు గదా, ఏడనో ఓ కాడ ఉంటది. ఎవల కాడున్నా తెచ్చిస్తె మాట ఈ నాలుగు గోడలు దాటదు."

"నేను తీసిన్ననుకుంటె తీసినవని అను బావా. గట్ల తిప్పి తిప్పి చెప్పకు."

"సూడు, గిట్లనే మీదికొస్తది" అని బావ నా భర్తతో అన్నాడు. నా భర్త నేల చూస్తున్నాడు. ఆయన నేల చూసిన ఆ కాసేపటిని కూడా నేను మరచిపోలేదు. ఆయనకు ఈ సంగతి తెలుసు.

కట్టు విప్పించి చూద్దాం, రాయి ఇప్పుడు మారిందో ఎప్పుడు మారిందో వెనకాల తెలుస్తుంది అన్నాను. అప్పటిదాకా మంచం చివర కూర్చున్న అత్త మొదటిసారి నోరు విప్పింది. "ఇప్పొద్దు. అచ్చిరాదు." పెద్దకోడలి పక్షం పట్టిందనుకున్నాను. అది కొత్తేమీ కాదు.

సోమవారం కార్ఖానాలో నా బల్ల మీదనుంచి రాయి ఎగిరింది. పట్టకారు కొసన కొంచెం ఎక్కువ నొక్కితే ఎగురుతుంది, అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. రాయి ఎగిరిందంటే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఫ్యాన్లు ఆపేస్తారు. తలుపు మూస్తారు. ఎక్కడివాళ్లు అక్కడే, పాదం కూడా ఎత్తకూడదు. మేనేజరు మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటు నేలబారుగా పెట్టి చూస్తాడు. ఆ తరువాత చెప్పుల అడుగులు, జడలు, కొంగులు. ఆ రోజు ఇరవైమంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఇంట్లో ఒక రాయి, ఇక్కడ ఒక రాయి. ఈ రెండు సంగతులు ఎక్కడైనా ఒకచోట కలిస్తే నా పని అయిపోయినట్టే.

ముప్పావుగంట తరువాత దొరికింది. నా చీర కుచ్చిళ్లలో. పక్కబల్ల అమ్మాయి దులిపితే కాగితం మీద టప్పున పడింది. "క్యా బెన్, ఘర్ లే జా రహీ థీ?" అన్నాడు మేనేజరు, ఇంటికి పట్టుకుపోతున్నావా అని. ఎవరి బట్టల్లో దొరికినా ఆయన చేసే పరాచికమే అది. వందమందితో అని ఉంటాడు. అందరూ నవ్వారు. నేను ఆయన కళ్లలోకి చూశాను, ఏమైనా తెలిసి అన్నాడా అని. తెలియలేదు. ఆ రోజంతా రంగులు సరిగా వేరుచేయలేకపోయాను.

మంగళవారం మెట్లమీద యారాలి తమ్ముడు ఎదురయ్యాడు. అదే భవనంలో పై అంతస్తు కార్ఖానాలో సానచక్రం మీద పనిచేస్తాడు. వాడి పక్కన ఇంకో ఇద్దరు కారీగర్లున్నారు.

"ఏమాయె అక్కా, ఆ రాయి ముచ్చట?" అన్నాడు.

వాళ్లిద్దరూ గుజరాతీవాళ్లు, తెలుగు రాదు. కానీ రాయిని చూపినట్టు వాడు రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. ఆ వేళ్లకు ఏ భాషా అక్కర్లేదు. యారాలు తమ్ముడికి చెప్పేసిందని అర్థమైంది. మాట బావ చెప్పిన నాలుగు గోడలను అప్పటికే దాటేసింది. ఇంక నాకు వారమో, పది రోజులో.

బుధవారం పని అయ్యాక ఇంటికి పోలేదు. నేరుగా బావ ఇంటికి పోయి ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాను. కట్టు విప్పిద్దామన్నాను. కుదరదన్నారు. రెండు గంటలు కూర్చుని లేచి వచ్చాను. గురువారం మళ్లీ పోయాను. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. శుక్రవారం యారాలు తలుపు తీసి, చెల్లె మల్లొచ్చినవా అన్నది. విప్పేదాకా దినాం వస్త అక్కా అన్నాను. బావ చీరల లెక్క చూసుకుంటున్నట్టు నటించాడు. పిల్లలు టీవీ శబ్దం తగ్గించారు. అత్త లోపలి గదిలోనుంచి బయటికే రాలేదు. శనివారం పక్కింటావిడ వచ్చి, ఎవరీమె రోజూ వచ్చి కూర్చుంటుంది అని అడిగింది. ఆ మాటకు బావ లొంగాడు. నాకోసం కాదు, పక్కింటికోసం. అది కూడా నేను లెక్కలో వేసుకున్నాను.

ఆదివారం పొద్దున నేను, నా భర్త, బావ, యారాలు మహీధర్‌పురాకు పోయాం. రాళ్లు పొదిగే ఒక బెంగాలీ ముసలాయన అక్కడ మేడమీద చిన్న గదిలో పనిచేస్తాడు. మోకాలి నొప్పని అత్త రాలేదు. ముసలాయన కమ్మలను మా నలుగురి ముందూ తూచి, చీటీ రాసి, అప్పుడు పని మొదలుపెట్టాడు. నేను యారాలి వైపు చూడకుండా ఉండలేకపోయాను.

సన్నటి ఉలితో వెనక రేకును అంచు వెంట లేపుతుంటే నలుగురం వంగి చూశాం. యారాలి ఊపిరి నా మెడకు తగులుతోంది. ముందు మంచి రాయి వెనక విప్పాడు. లక్క నల్లబడి, పెళుసెక్కి, గోటితో ముడితే పొడి రాలింది. తరువాత అడుగున ఉన్న రాయి. అక్కడా లక్క నల్లగానే ఉంది. అంచుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న నూనె, సబ్బు జిడ్డు. బంగారం మీద కొత్త గీత ఒక్కటి లేదు. ఆయన ఆ రాయిని తీసి కాగితం మీద పెట్టి, "యే నయా కామ్ నహీ హై, బహుత్ పురానా హై" అన్నాడు. ఇది ఇప్పటి పని కాదు, చాలా పాతది అని. ఈ రాయి మారి నలభై ఏళ్లయినా అయి ఉంటుందన్నాడు. మొదటి కట్టు ఒకరిది, ఈ ఒక్క రాయి కట్టు ఇంకొకరిది, ఇద్దరూ ఇప్పుడు బతికి ఉండరు అన్నాడు.

నలభై ఏళ్ల కిందట నాకు రవ్వంటే ఏమిటో తెలియదు. యారాలికీ తెలియదు. ఆ కమ్మలు అప్పుడు ఎవరి చెవులకున్నాయో అక్కడున్న నలుగురికీ తెలుసు. ఆటోలో యారాలు నా చేయి మీద చేయి వేసింది. నేను తీసేశాను.

బావ ఇంటికి వచ్చేసరికి అత్త ముందుగదిలోనే కూర్చుని ఉంది. మా మొహాలు చూసి కొంగు సర్దుకుంది. బావ ఏమీ అడగలేక ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పోయాడు. నేనే అడిగాను.

"అది నేను మార్పిచ్చిన" అన్నది అత్త.

పెళ్లయిన మూడో ఏడట, ఇంకా మా ఊళ్లోనే ఉన్న రోజులట. కండెలు చుట్టి లేచి చూసుకుంటే చెవికమ్మలో రాయి లేదు. మగ్గం గుంతలో మన్నంతా ఎత్తి జల్లెడ పట్టిందట, మూడు రోజులు పట్టిందట, దొరకలేదు. అప్పుడు బతికున్న ఆమె అత్తకు తెలిస్తే పుట్టింటికి పంపించేస్తుంది. పక్క ఊళ్లో నగలు చేసే అవుసలాయన దగ్గరికి ఎవరికీ తెలియకుండా నడిచిపోయి తెల్లరాయి పెట్టించుకుంది. అప్పటినుంచి ఎవరితోనూ అనలేదు, మామతో కూడా. చెబుతుంటే ఆమె చేయి చెవి దగ్గరికి పోయింది, ఖాళీ తమ్మెను రెండుసార్లు తడుముకుంది. ఆ వయసులో ఆమె పడిన భయం ఎట్లాంటిదో నాకు తెలియకపోలేదు. పదకొండు రోజులుగా నేనూ అదే భయంతో తిరుగుతున్నాను.

"మరి నన్ను అంటుంటె ఊకెట్ల కూసున్నవ్ అత్తమ్మా?"

అత్త చెవి మీదినుంచి చేయి దించి ఒళ్లో పెట్టుకుంది.

"పెద్దదాని ముందల నా మర్యాద పోతదనుకున్న. నువ్వైతె గట్టిదానివి. ఎట్లన్న కొట్లాడి నిలబడ్తవనుకున్న."

నన్ను గురించి ఆమె చెప్పిన ఒకే ఒక్క మంచిమాట అది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఇంకా తెలియలేదు.

యారాలు ఏడుస్తోంది. నా భర్త, సరే అయిపోయింది కదా, పోదాం పా అన్నాడు. నేను లేవలేదు. బావ బాల్కనీలో ఉన్నాడు, వినలేదు. బావను రానివ్వండి అన్నాను. బావ వచ్చాక, అత్తమ్మా మల్లొకసారి చెప్పు అన్నాను. నా భర్త నా మోచేయి పట్టుకున్నాడు. అత్త మళ్లీ చెప్పింది. ఈసారి మగ్గం గుంత లేదు, జల్లెడ లేదు. నేనే మార్పించిన, చిన్న కోడలిది తప్పు లేదు అన్నది. బావ తల ఊపి, మంచిది, ఇంక ఎవలం ఎత్తొద్దు ఈ ముచ్చట అన్నాడు.

ఎత్తక ఎట్లా కుదురుతుంది? రేపు పొద్దున తొమ్మిదింటికి ఆ మెట్లు ఎక్కాల్సింది నేను. యారాలిని తమ్ముడికి ఫోన్ కలపమన్నాను. నేను చెప్తాలే చెల్లె అన్నది. నువ్వు కాదు, అత్తమ్మ అన్నాను. నన్ను ఆ రోజు అందరూ రాతిమనిషిని చూసినట్టు చూశారు, నా భర్తతో సహా. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాలి నొప్పితో, కొడుకుల ముందు రెండుసార్లు తల దించుకున్న మనిషి. నాకు అది కనిపించలేదని కాదు. కనిపించింది. ఫోన్ స్పీకర్లో పెట్టి అత్త ఒళ్లో ఉంచాను.

యారాలి తమ్ముడు ఎత్తి, ఏంది అక్కా అన్నాడు. అత్త ఫోన్ వైపు కొంచెం వంగి, అక్క కాదు బిడ్డా, నేను అని మూడోసారి మొదలుపెట్టింది.